తీర్మానం మీద తీర్మానం



విషయం మీ ఇష్టం అన్నారు నిర్వాహకులు. మాదాపూర్‌లో సభ కాబట్టి కృత్రిమ మేధ గురించో, డేటా భద్రత గురించో మాట్లాడతానని అనుకుని ఉంటారు. నేను మినిట్స్ పుస్తకం పట్టుకుని వచ్చాను. ఒక బోర్డు తాను చేసిన తీర్మానాన్ని తానే మార్చుకోవలసి వస్తే ఏ దారిన వెళ్లాలి అన్నది ఇవాళ్టి విషయం. వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు. కానీ ఇదే హైటెక్ సిటీలో పేరుమోసిన ఒక కంపెనీ, 2008 డిసెంబరులో, తన బోర్డు సాయంత్రం చేసిన తీర్మానాన్ని తెల్లారేసరికి వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత మూడు వారాలకు హైదరాబాద్ పేరు ప్రపంచ పత్రికలన్నిటికీ ఎందుకు ఎక్కిందో మీలో పెద్దవాళ్లకు గుర్తే. చిన్నవాళ్లకు ఇంట్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

ముందు, ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారి గురించి రెండు మాటలు. ఆయన కంపెనీ సెక్రటరీ. మా తరంలో చాలామందికి మినిట్స్ రాయడం నేర్పింది ఆయనే. కంప్యూటర్లు వచ్చాక కూడా పేజీలకు వరుస నంబర్లు వేసిన బైండు పుస్తకమే వాడారు. పాత తీర్మానాన్ని ఎప్పుడైనా మార్చితే, దాని తేదీ, నంబరు కొత్త తీర్మానంలో తప్పకుండా రాసేవారు. అక్కడితో ఆగితే బాగుండేదని ఛైర్మన్లు అనుకునేవారు. ఎందుకు మారుస్తున్నారో ఒక్క వాక్యమైనా చెప్పండి, రాసుకుంటాను అని ఆయన కూర్చునేవారు. మనిషి మహా చాదస్తుడు. శిష్యులను ఏడిపించుకు తినేవాడు. ఆ ఒక్క వాక్యం కోసం ఆయన పట్టిన పట్టు మాత్రం చాదస్తం కాదని నేను ఇవాళ మీకు నచ్చజెప్పాలి.

2008 డిసెంబరు 16, మంగళవారం. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ బోర్డు సమావేశమైంది. అప్పటికి ఆ కంపెనీకి 21 ఏళ్లు. సుమారు 53 వేల మంది ఉద్యోగులు. షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో కూడా అమ్ముడవుతున్నాయి. కార్పొరేట్ పాలన బాగున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుని నిండా మూడు నెలలు. బోర్డులో ఉన్నవాళ్లు సామాన్యులా? గచ్చిబౌలి ఐఎస్‌బీ డీన్ ఎం. రామ్మోహనరావు, హార్వర్డ్ ఆచార్యుడు కృష్ణ పాలెపు, పెంటియం చిప్‌తో పేరొచ్చిన వినోద్ ధామ్, కేంద్రంలో కేబినెట్ కార్యదర్శిగా చేసిన టి.ఆర్. ప్రసాద్, ఢిల్లీ ఐఐటీ మాజీ డైరెక్టర్ వి.ఎస్. రాజు, మంగళం శ్రీనివాసన్. ఇంతకంటే చదువుకున్న బోర్డు ఆ రోజుల్లో దేశంలో ఎన్ని ఉండేవో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఎజెండాలో అసలు అంశం ఒక్కటే. మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా 130 కోట్ల డాలర్లకు, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను 30 కోట్ల డాలర్లకు కొనడం. రెండూ కలిపి 160 కోట్ల డాలర్లు, అంటే అప్పటి మారకంలో ఏడు వేల కోట్ల రూపాయలకు పైమాటే. ఒకటి స్థలాల వ్యాపారం, ఇంకొకటి కట్టుబడి కాంట్రాక్టులు. కొనేది సాఫ్ట్‌వేర్ కంపెనీ. అమ్మే రెండు కంపెనీలూ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివి. మేటాస్ అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదివితే సత్యం అని వస్తుందని ఆ వారమంతా ప్రతి ఇరానీ హోటల్లోనూ చెప్పుకున్నారు.

ఇక్కడ చట్టం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథ అంతా అందులోనే ఉంది. అప్పుడు అమల్లో ఉన్నది 1956 నాటి కంపెనీల చట్టం. దాని 372ఏ సెక్షన్ ప్రకారం, ఒక కంపెనీ మరో కంపెనీలో కొంత పరిమితికి లోబడి పెట్టుబడి పెట్టాలంటే వాటాదారుల దగ్గరకు వెళ్లనక్కరలేదు, బోర్డు చాలు. కానీ బోర్డులో మెజారిటీ ఉంటే సరిపోదు. సమావేశానికి హాజరైన డైరెక్టర్లు అందరూ ఒప్పుకోవాలి. ఈ కొనుగోలు ఆ పరిమితిలోపే ఉందని లెక్క చూపించారు కాబట్టి వాటాదారులకు చెప్పే పని లేకుండా పోయింది. ఇదే చట్టంలో 300 సెక్షన్ ఉంది. సొంత ప్రయోజనం ఉన్న డైరెక్టర్ ఆ అంశం మీద చర్చలో పాల్గొనకూడదు, ఓటు వేయకూడదు. అంటే రామలింగరాజునూ, బోర్డులోనే ఉన్న ఆయన సోదరుణ్ణీ పక్కన పెడితే మిగిలిన వాళ్లలో ఏ ఒక్కరు నాకు సమ్మతం కాదు అన్నా ఆ తీర్మానం అక్కడే ఆగిపోతుంది. లెక్కపెట్టి చూసుకోండి: అరవై శాతం, మూడింట రెండొంతులు, ఇవేవీ కావు. ఒక్క గొంతు.

ప్రశ్నలు రాలేదని కాదు. తర్వాత బయటపడిన మినిట్స్‌లో ధర గురించీ, సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని వ్యాపారం గురించీ అడిగినట్టు ఉంది. ముందే ఖాయమైన నిర్ణయానికి ముద్ర వేయడానికే బోర్డు ఉందన్న అభిప్రాయం రాకుండా ఇలాంటి వాటిలో మొదటినుంచే మమ్మల్ని కలుపుకోవాలి అన్న సూచన కూడా ఉంది. సూచన చేశారు, ఆ పైన సమ్మతి ఇచ్చారు. తీర్మానం ఏకగ్రీవం.

భారతీయ మార్కెట్లు అప్పటికే మూసేశారు. న్యూయార్క్‌లో పొద్దున. వార్త అక్కడికి చేరగానే సత్యం షేరు సగానికి పైగా పడిపోయింది. పెద్ద మదుపరులు ఫోన్లలో విరుచుకుపడ్డారు. ప్రమోటర్ల చేతిలో ఉన్న వాటా పదో వంతు కూడా కాదు కాబట్టి వాళ్ల మాట తోసిపుచ్చే బలం ఛైర్మన్‌కు లేదు. మన దగ్గర తెల్లవారేలోపు కొనుగోలు రద్దయినట్టు ప్రకటన వచ్చింది. బుధవారం ముంబైలో షేరు మరో 30 శాతం కిందికి జారింది.

ఆ రద్దు ప్రకటన సారాంశాన్ని నిదానంగా గుర్తు చేసుకోండి. ఈ కొనుగోలు మంచిదేనని మాకు ఇప్పటికీ నమ్మకం, మదుపరుల అభిప్రాయాన్ని మన్నించి విరమించుకుంటున్నాం. అంతే. అంటే నిర్ణయం తప్పని ఎవరూ అనలేదు. ధర ఎక్కువని అనలేదు. సొంత మనుషుల కంపెనీ అన్న అభ్యంతరాన్ని తూకం వేయలేదు. నిన్న ఏ కాగితాలు చూసి ఒప్పుకున్నాం, ఇవాళ ఏ కాగితం చూసి వద్దనుకున్నాం అన్న ప్రశ్నకు జవాబే లేదు. మార్కెట్ కొట్టింది, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

చాలామంది అప్పుడు దీన్ని ప్రజాస్వామ్యం గెలిచిందన్నట్టు మాట్లాడారు. వాటాదారుల గొంతు విన్నారని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే అభిప్రాయం. చెడ్డ తీర్మానం రద్దవడం మంచిదే, కానీ రద్దయిన తీరు ఆ తీర్మానమంత చెడ్డది. సరైన పద్ధతిలో రద్దు చేయాలంటే బోర్డు మళ్లీ కూర్చోవాలి. కూర్చుంటే ఎవరో ఒకరు అడుగుతారు: అసలు ఇంత డబ్బు ఎక్కడినుంచి ఇద్దామనుకున్నాం? బ్యాంకులో నిల్వ ఎంత ఉంది? ధ్రువపత్రం తెప్పించండి. ఆ ప్రశ్న డిసెంబరు 17న ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే ఏం జరిగేదో నేను జోస్యం చెప్పను. జనవరి 7న బయటపడిన లెక్క మాత్రం మనందరికీ తెలుసు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలుగా చూపించిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనేలేవు. మేటాస్ కొనుగోలు, ఆ లేని ఆస్తుల చోట నిజమైన ఆస్తులు పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమని రామలింగరాజు స్వయంగా, ఆ రోజు బోర్డుకు పంపిన ఒప్పుకోలు ఉత్తరంలో రాశారు. సత్యం గండం గట్టెక్కితే మేటాస్‌కు ఇవ్వాల్సింది తర్వాత చూసుకోవచ్చన్నది ఆశ.

ఈ మధ్యలో జరిగింది కూడా చెప్పుకోవాలి. సొంత షేర్లను తిరిగి కొనే విషయం ఆలోచించడానికి డిసెంబరు 29న బోర్డు సమావేశం అనుకున్నారు. అది జనవరి 10కి వాయిదా పడింది. ఈలోపు మంగళం శ్రీనివాసన్ రాజీనామా చేశారు. వెనువెంటనే ధామ్, పాలెపు, రామ్మోహనరావు. ఒక నిర్ణయానికి ఓటేసి, అది రద్దయ్యాక దాని గురించి ఆ బల్ల దగ్గరే మాట్లాడకుండా రాజీనామా ఇచ్చి వెళ్లిపోవడం మన దగ్గర గౌరవప్రదమైన పని కింద చెల్లిపోతుంది. నాకు అలా అనిపించదు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసిన పదిమందిలో స్వతంత్ర డైరెక్టర్లు ఎవరూ లేరు, నేరం సంగతి వేరు. నేను మాట్లాడుతున్నది బాధ్యత గురించి. జనవరి 10 సమావేశం ఎటూ జరగలేదు. 9న కంపెనీ లా బోర్డు ఆ డైరెక్టర్లందరినీ పక్కన పెట్టింది. 11న దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లతో కేంద్రం కొత్త బోర్డు వేసింది. ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది.

ఇప్పుడు పద్ధతి గురించి. ఇంజనీర్లు ఉన్న సభ కాబట్టి ఒక ఇంజనీరుతోనే మొదలుపెడతాను. అమెరికా సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్‌ను ఓసారి చర్చి సభకు అధ్యక్షత వహించమన్నారట. సభ రసాభాస అయింది. ఆ తలవంపు మనసులో పెట్టుకుని ఆయన చదివి, రాసి, 1876లో సభా నియమాల పుస్తకం అచ్చువేశాడు. ఇవాళ అమెరికాలో తెలుగు సంఘాలతో సహా లెక్కలేనన్ని సంఘాలకు రాబర్ట్ నియమాలే ప్రమాణం. చేసిన తీర్మానాన్ని మార్చుకోవడానికి అందులో ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది పునరాలోచన. అదే సమావేశంలో, కొన్ని గంటల కిందటో నిన్ననో వేసిన ఓటును మళ్లీ వేద్దామనడం. ఇందులో ఒక చక్కటి మెలిక ఉంది. ఆ ప్రతిపాదన తేవలసింది ఓడినవాళ్లు కాదు, గెలిచిన పక్షాన ఓటేసినవాళ్లే. ఓడినవాళ్లకు ఆ హక్కు ఇస్తే రోజూ అదే పాట పాడుతూ ఉంటారు. గెలిచినవాడు లేచి నా మనసు మారింది అంటే మాత్రం సభ వినాలి, ఎందుకంటే ఏదో కొత్త సంగతి తెలిసి ఉంటేనే మనిషి అలా లేస్తాడు. డజను మంది లోపు ఉండే చిన్న బోర్డుల్లో ఇంత బిగింపు ఉండదు. అయినా ఆ నియమంలోని తెలివి చూడండి, మనసు మార్చుకున్న మనిషి చేతే నోరు విప్పిస్తుంది.

రెండోది రద్దు లేదా సవరణ. ఎంతకాలమైనా కానీ, పాత తీర్మానాన్ని కొట్టివేయడానికో సవరించడానికో. ఫలానా తీర్మానం రద్దు చేయబోతున్నాం అని ముందే నోటీసు ఇస్తే మామూలు మెజారిటీ చాలు. నోటీసు లేకుండా అప్పటికప్పుడు తెస్తే, ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులైనా కావాలి, సభ్యులందరి సంఖ్యలో సగానికి మించైనా కావాలి. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పోయిన సమావేశానికి పాతికమంది వచ్చి చేసిన నిర్ణయాన్ని, ఈసారి వానకు పదిమందే వచ్చిన రోజు చూసి ఆరుగురు తిరగరాయకూడదు. ఇంకో హద్దు కూడా ఉంది. తీర్మానం ప్రకారం వెనక్కి తీసుకోలేని పని జరిగిపోతే దాన్ని రద్దు చేయడమన్న ప్రశ్నే లేదు. రాజీనామాను ఆమోదించి ఆ మనిషికి కబురు పంపాక, ఆమోదాన్ని రద్దు చేస్తున్నాం అంటే కుదరదు.

మన పార్లమెంటు దారి వేరు. లోక్‌సభ నియమావళిలో 338వ నియమం ఉంది. ఒక విషయం మీద సభ నిర్ణయం చేశాక అదే సమావేశాల్లో దాదాపు అదే ప్రశ్నను మళ్లీ ఎత్తకూడదు. తర్వాతి సమావేశాల్లో ఎత్తవచ్చు.

తెలుగునాట ఈ విషయంలో అందరికంటే ఎక్కువ అనుభవం ఉన్న సంస్థ ఆంధ్రప్రదేశ్ శాసనసభ. శాసనమండలి 1958లో పుట్టింది. 1985లో రద్దయింది. 2004లో మళ్లీ కావాలని తీర్మానం, 2007లో మండలి తిరిగి కొలువుతీరింది. 2020 జనవరి 22న రాజధాని బిల్లులను మండలి సెలెక్ట్ కమిటీకి పంపింది. అయిదు రోజులు తిరక్కుండా, 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. అనుకూలంగా 133 ఓట్లు. రాజ్యాంగం 169వ అధికరణం ప్రకారం అసెంబ్లీ తీర్మానం ఒక్కటే చాలదు, పార్లమెంటు చట్టం చేయాలి. ఆ చట్టం రాలేదు. 2021 నవంబరు 23న అదే శాసనసభ, మండలి రద్దు తీర్మానాన్ని ఉపసంహరించుకుంటూ ఇంకో తీర్మానం చేసింది. ఈలోపు మండలిలో బలాబలాలు మారిపోయాయి, అధికార పక్షానికి అక్కడా మెజారిటీ వచ్చింది.

రాజకీయంగా మీరు ఎటైనా ఉండండి. పద్ధతి వరకు చూస్తే ఆ రెండో తీర్మానం నాకు మేటాస్ రద్దుకంటే మేలనిపిస్తుంది. సభ పెట్టారు. పాత తీర్మానాన్ని పేరుపెట్టి ప్రస్తావించారు. కేంద్రం దగ్గర ఎటూ తేలకుండా ఉండిపోయింది, సందిగ్ధం తొలగించాలి అని ఒక కారణం చెప్పారు. ఆ కారణం మీకు నచ్చకపోవచ్చు, అసలు కారణం వేరే ఉందని మీరు నవ్వుకోవచ్చు. కానీ చెప్పిన కారణం రికార్డులో ఉంది, కాబట్టి దాన్ని పట్టుకుని విమర్శించే వీలుంది. చెప్పని కారణాన్ని ఎవరూ విమర్శించలేరు.

మన ఆఫీసుల్లోకి వద్దాం. ఇక్కడి కంపెనీల్లో తీర్మానాలు రద్దయ్యే మార్గాల్లో ఎక్కువ చోట్ల కనబడేది ఏమిటో తెలుసా? ఏమీ చేయకపోవడం. ఫలానా పనికి అనుమతిస్తున్నాం అన్న తీర్మానం, చేసి తీరాలన్న ఆజ్ఞ కాదు కదా. వాడకుండా వదిలేస్తారు. అది పుస్తకంలో ప్రాణంతోనే పడి ఉంటుంది. బ్యాంకు ఖాతా సంతకాల తీర్మానం చూడండి. నలుగురు అధీకృతులని 2016లో తీర్మానం. ఇద్దరు ఉద్యోగం మాని వెళ్లారు. 2019లో ఇంకో ఇద్దరి పేర్లతో కొత్త తీర్మానం. అందులో, ఈ విషయమై ఇంతకు ముందు చేసిన తీర్మానాలన్నిటి స్థానంలో, అన్న ముక్క రాయడం మరిచిపోయారు. ఇప్పుడు అధీకృతులు ఇద్దరా, ఆరుగురా? బ్యాంకు మేనేజర్ రెండు కాగితాలూ ముందు పెట్టుకుని మీకు ఫోన్ చేస్తాడు. మానేసి వెళ్లినవాడితో పేచీ ఉంటే అతను ఫోన్ చేయడు, చెక్కు రాస్తాడు. సెక్రటేరియల్ ప్రమాణాల్లో మొదటిది, అంటే బోర్డు సమావేశాలకు సంబంధించింది, 2015 జులైనుంచి అమల్లో ఉంది. పాత తీర్మానాన్ని మార్చితే దాన్ని కొత్త మినిట్స్‌లో ప్రత్యేకంగా ప్రస్తావించాలని, లేదా పాతవన్నీ పోయాయని రాయాలని అది చెబుతోంది. ఒకసారి పుస్తకంలో ఎక్కిన మినిట్స్‌ను దిద్దడానికి లేదని, దిద్దాలంటే తర్వాతి సమావేశంలో బోర్డు ఒప్పుకోవాలని, ఒప్పుకున్న సంగతి కూడా రాయాలని చెబుతోంది. ఇవి మాస్టారి తరం చట్టం అడగకముందే చేసిన పనులు.

ఇంకో చోటు చెప్పకపోతే ఈ ప్రాంతంలో ఉపన్యాసం పూర్తి కాదు. కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గేటెడ్ కమ్యూనిటీలు. వీటిలో చాలా సంఘాలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనవి. పగలంతా సింగపూర్, డల్లాస్ ఆఫీసులతో కాల్స్ మాట్లాడి పక్కాగా పనిచేసే మనుషులే, సాయంత్రం సంఘం సంగతికి వచ్చేసరికి ఊరి రచ్చబండ మీద కూర్చున్నట్టే కూర్చుంటారు. ఒక సంఘంవాళ్లు నన్ను సలహా అడిగారు. సర్వసభ్య సమావేశంలో, సెల్లార్‌లోని విజిటర్ పార్కింగ్‌లో కొంత భాగం తీసి ఎలక్ట్రిక్ కార్లకు చార్జింగ్ పాయింట్లు పెట్టాలని తీర్మానించారు. కమిటీ కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చింది. రెండు వారాలకు వాట్సాప్ గ్రూపులో ఒకాయన, సంక్రాంతికి అత్తగారివాళ్లు కారేసుకుని వస్తే ఎక్కడ పెట్టాలి అని అడిగాడు. అర్ధరాత్రికి మూడువందల మెసేజ్‌లు. పొద్దున అడ్మిన్ ఒక పోల్ పెట్టాడు. సాయంత్రానికి బొటనవేళ్ల మెజారిటీతో తీర్మానం రద్దు. కాంట్రాక్టరు వచ్చి నా అడ్వాన్సు తిరిగివ్వను, కేబుల్ కొనేశాను అన్నాడు.

ఆ పోల్‌లో ఓటేసినవాళ్లలో అద్దెకున్నవాళ్లున్నారు. ఒకే ఫ్లాటునుంచి భార్యాభర్తలు చెరో ఓటు వేశారు. సమావేశానికి వచ్చి చేతులెత్తినవాళ్లలో కొందరికి పోల్ సంగతే తెలియదు. నేను చెప్పింది ఇదీ. పోల్ చెల్లదు. తీర్మానం మీకు నచ్చకపోతే సంఘం నిబంధనల్లో ఉన్నంతమంది సంతకాలు చేసి ప్రత్యేక సమావేశం అడగండి. నోటీసులో ఫలానా తేదీ తీర్మానం రద్దు అని స్పష్టంగా రాయండి. కాంట్రాక్టరుతో కుదిరిన ఒప్పందం వేరు, మీ తీర్మానం వేరు. మీరు మనసు మార్చుకుంటే ఆయన నష్టం మీరే కట్టాలి, ఎంతో కూడా ఆ నోటీసులోనే వేయండి. ఆ అంకె చూశాక చాలామంది సంక్రాంతి కారును బయట రోడ్డు మీద పెట్టించడానికి ఒప్పుకున్నారు. తీర్మానం నిలిచింది. నిలవకపోయినా నాకు అభ్యంతరం లేదు. ఎంత ఖర్చుతో మారుస్తున్నారో తెలిసి మార్చేవారు.

కంపెనీలకే తిరిగి వస్తాను. సత్యం తర్వాత చట్టం ఏం నేర్చుకుంది? 2013 చట్టంలో కొంత కనిపిస్తుంది. ఇప్పుడు సొంతవాళ్ల కంపెనీలతో లావాదేవీ అంటే ఆడిట్ కమిటీ ముందు రావాలి. లిస్టయిన కంపెనీలో పెద్ద లావాదేవీ అయితే వాటాదారుల దగ్గరకు వెళ్లాలి, సంబంధం ఉన్నవాళ్లు అనుకూలంగా ఓటేయడానికి లేదు. పెట్టుబడులకు హాజరైన డైరెక్టర్లందరి సమ్మతి కావాలన్న పాత నియమం 186వ సెక్షన్‌లో అలాగే ఉంది. అసమ్మతి తెలిపిన డైరెక్టర్ పేరు మినిట్స్‌లో రాయాలి. అభ్యంతరం తీరకపోతే అది రికార్డులోకి ఎక్కేలా పట్టుబట్టడం స్వతంత్ర డైరెక్టర్ల విధి అని చట్టం నాలుగో షెడ్యూలు చెబుతోంది. ఏడు రోజుల నోటీసు లేకుండా అత్యవసరంగా బోర్డును పిలిస్తే కనీసం ఒక స్వతంత్ర డైరెక్టర్ ఉండాలి, లేకపోతే తర్వాత ఒకరైనా ధ్రువీకరించేదాకా ఆ నిర్ణయం ఖరారు కాదు. ఇవన్నీ తీర్మానం చేసేటప్పుడు కాపలా కాసే నియమాలు. మార్చేటప్పుడు?

అన్నిటికంటే గట్టి నియమం ఒక్క చోట ఉంది, అదీ లెక్కల విషయంలో. బోర్డు చేసే తీర్మానాలన్నిటిలో మార్చడానికి కష్టమైంది లెక్కలను ఆమోదించిన తీర్మానం. సత్యం బోర్డు ఏళ్ల తరబడి లెక్కలు ఆమోదించింది, ఆడిటర్లు సంతకాలు చేశారు, వాటాదారులు చేతులెత్తారు. అన్నీ వెనక్కి తిప్పి సరిచేసిన లెక్కలు వెలువడేసరికి 2010 సెప్టెంబరు అయింది. కంపెనీ చేతులు మారి అప్పటికి ఏడాదిన్నర. ఇప్పుడు 130, 131 సెక్షన్లున్నాయి. మోసం జరిగిందనో, లెక్కలు నమ్మదగినవి కావనో ప్రభుత్వం వంటివాళ్లు అర్జీ పెట్టుకుంటే కోర్టో ట్రిబ్యునలో పాత లెక్కలు తెరిపించవచ్చు. 2019 మొదట్లో ఐఎల్ఎఫ్ఎస్ విషయంలో ముంబై ట్రిబ్యునల్ ఆ పని చేసింది. ఇది బయటివాళ్లు చేయించే మార్పు. బోర్డు తనంతట తాను మార్చుకోవాలనుకుంటే 131. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో దేనినైనా, ట్రిబ్యునల్ అనుమతితో, ఏడాదికి ఒక్కసారి మించకుండా మార్చుకోవచ్చు. అందులో ఒక షరతు ఉంది, నేను ఇందాకటినుంచి దాని కోసమే వస్తున్నాను. ఎందుకు మారుస్తున్నారో వివరమైన కారణాలు బోర్డు నివేదికలో వెల్లడించాలి.

లెక్కలకు ఈ షరతు ఉంది. మిగతా తీర్మానాలకు సెక్రటేరియల్ ప్రమాణం, ముఖ్యమైన నిర్ణయాలైతే వాటి వెనక ఉన్న హేతువు కూడా రాయాలంటుంది. ఏది ముఖ్యమో తేల్చేది బోర్డే. కొనాలన్న నిర్ణయం ముఖ్యమైంది, వద్దన్న నిర్ణయం ముఖ్యం కాదు అని బోర్డు అనుకుంటే అడ్డుపడేవాళ్లు లేరు. ఈ ప్రమాణాలు తయారుచేసే కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ పెద్దలు ఈ సభలో ఉన్నారు కాబట్టి వాళ్లకే నేరుగా నా ప్రతిపాదన. పాత తీర్మానాన్ని రద్దు చేసే, సవరించే ప్రతి తీర్మానాన్నీ ముఖ్యమైన నిర్ణయంగానే లెక్కించాలని ప్రమాణంలో ఒక వాక్యం చేర్చండి. పాతదాని తేదీ, నంబరు ఎలాగూ రాస్తున్నాం. నిన్న ఏ సమాచారం మీద ఒప్పుకున్నాం, ఇవాళ ఏది మారింది అన్న రెండు ముక్కలు కూడా రాయమనండి. లిస్టయిన కంపెనీ అయితే స్టాక్ ఎక్స్ఛేంజీకి పంపే రద్దు సమాచారంలో కూడా అవే రెండు ముక్కలు ఉండాలని సెబీకి ఒక వినతి పంపుదాం. ముసాయిదా నేను రాసి తెచ్చాను. సభ అయ్యాక బయట టీ బల్ల దగ్గర పెడతాను. చదివి, తప్పులు దిద్ది, ఒప్పుకుంటే సంతకాలు చేయండి.